ఏటవాలు బెజ్జం

సూరిశెట్టికి ఎవరి మీదా నమ్మకం నిలిచేది కాదు.

పుట్టుకతో వచ్చిన గుణం కాదది. బందరు రేవులో వాళ్ల నాన్న పూసల వ్యాపారి. జపమాలకు స్ఫటికం కావాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఆయన దుకాణానికే వచ్చేవారు. సూరిశెట్టికి మీసాలు మొలుస్తున్న వయసులో, ఓడ దిగిన వర్తకుడొకడు తియ్యగా మాట్లాడి ఒక పెట్టెడు పూసలు అంటగట్టాడు. చూసి తీసుకున్నది సూరిశెట్టే. అవి మాలలై జనం పూజగదుల్లోకి చేరిపోయాక గాజువని బయటపడింది. వాళ్ల నాన్న కొడుకుని ఒక్క మాట కూడా అనలేదు. దుకాణం తలుపులు మూసేశాడు. బతికినన్నాళ్లూ మళ్లీ రేవు వైపు వెళ్లలేదు.

అప్పటినుంచి సూరిశెట్టి రాళ్లను పరీక్షించడం పట్టుబట్టి నేర్చుకున్నాడు. కనురెప్ప మీద ఆనిస్తే స్ఫటికం చల్లగా ఉండి, ఆ చలవ తొందరగా వదలదు. గాజు ఇట్టే వెచ్చబడుతుంది. ఎండకెత్తి చూస్తే గాజులో గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తాయి. స్ఫటికంలో బుడగలుండవు, ఉంటే గింటే సన్నటి మంచుపొర లాంటి మరక ఉంటుంది. వెంట్రుక మీద పెట్టి నెమ్మదిగా తిప్పితే, మంచి స్ఫటికంలోంచి ఒక వెంట్రుక రెండుగా కనిపిస్తుంది. ఇవన్నీ అతనికి కరతలామలకం.

రాళ్లతో మొదలైన పరీక్ష మనుషుల దాకా పాకింది. మనశ్శాంతి కోసం ఒక స్వామివారి దగ్గర చేరాడు. ఉపవాసం నాడు ఆయన చాటుగా పాలు తాగడం చూసి వచ్చేశాడు. ఇంకో చోట గురువుగారి మాటల్లో ఏదో తేడా కనిపెట్టి వచ్చేశాడు. తిరిగి తిరిగి చివరికి గోల్కొండ కోట బయట, రాళ్ల పనివాళ్లుండే కార్వాన్ పేటలో మీరాన్ షా అనే ఫకీరు దగ్గరికి వచ్చాడు.

మీరాన్ షా ఒకప్పుడు రాళ్లకు సాన పట్టినవాడు. ఇప్పుడు గుట్ట కింద చిన్న దర్గా పక్కన పందిరి వేసుకుని ఉంటున్నాడు. కొన్న నగ అసలుదో కాదో తెలియనివాళ్లూ, తాతలనాటి మాల మసకబారిందనేవాళ్లూ ఆయన దగ్గరికి వస్తుంటారు.

"ఏం పని వచ్చు బేటా?" అని అడిగాడు సూరిశెట్టిని.

"అసలేదో నకిలీ ఏదో చెప్పగలను బాబా."

"సరే. ఉండు."

అంతే. సూరిశెట్టి ఉండిపోయాడు. పరీక్షించే పని అతనిదైంది. శుభ్రం చేసే పని మీరాన్ షాది. చల్లటి నీళ్లలో ఒక్కో పూసనీ మునివేళ్లతో కడిగి, పాతబడ్డ నూలుగుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టేవాడు. ఊదారంగు రాళ్లు ఎండకు వెలిసిపోతాయని వాటి మీద గుడ్డ కప్పేవాడు. సూరిశెట్టికి ఆ పని మీద మనసు పోయేది కాదు. అసలో నకిలీయో తేలిపోయాక ఆ రాయిలో అతనికి చూడటానికి ఏమీ మిగిలేది కాదు.

ఒకరోజు అడిగేశాడు. "బాబా, రాయిని పరీక్షించడం తెలుసు. మనిషిని పరీక్షించడం ఎలా?"

మీరాన్ షా తడిగుడ్డ పిండి అతని చేతిలో పెట్టాడు. "ఈ మాల తుడువు. దారం దగ్గర మట్టి ఉంది, చూసి తుడువు."

సూరిశెట్టి గబగబా తుడిచి ఇచ్చేశాడు. జవాబు రాలేదని లోలోపల నొచ్చుకున్నాడు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, ఒక శుక్రవారం, మీరాన్ షా నమాజుకు వెళ్లిన వేళ రాజవ్వ అనే ఆమె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. కొంగు ముడిలోంచి ఒక పూస తీసి అరచేతిలో పెట్టుకుని నిలబడింది.

"ఇది గాజా, స్ఫటికమా, జర చూసి చెప్పన్నా."

రేగుపండంత పూస. చినుకు ఆకారంలో ఉంది. కొసన దారం పోయేందుకు బెజ్జం ఉంది.

ఆమె కథ చిన్నదే. భర్త పెంటయ్య ఈ పేటలోనే పూసలు చెక్కేవాడు. రెండు వానకాలాల కింద, చెక్కిన పూసలు తీసుకుని బిడారుతో బందరు వెళ్లాడు. బిడారు తిరిగొచ్చింది, అతను రాలేదు. దారిలో అమ్మవారు పోసిందని, ఊరి బయట వదిలేసి వచ్చామని వాళ్లు చెప్పారు. అతని తమ్ముడు ఓదెలు వెతకడానికి వెళ్లి, జాడ దొరక్క తిరిగొచ్చాడు. నాలుగు రోజుల కింద ఒక ఉప్పు వర్తకుడు ఈ పూస తెచ్చి రాజవ్వకిచ్చాడు. నందిగామ దాటాక బాట పక్క సత్రంలో పెంటయ్య ఉన్నాడని, బాగానే ఉన్నాడని, ఇది ఇమ్మన్నాడని చెప్పి వెళ్లిపోయాడు.

"మా మరిది నమ్ముతలేడన్నా. పూట కూడు కోసం ఆ ఉప్పాయన అబద్ధం చెప్పిండంటడు. దీన్ని చేతిలకు గూడ తీసుకోలే. మా అన్న గాజు ముట్టడు, ఇది గాజు, అన్నడు. వచ్చే అమావాస్యకు కర్మ చేస్తనంటున్నడు. నా బొట్టు తీసేస్తరు."

"నువ్వేమంటావమ్మా?"

"ఆయన చేతి పనే ఇది. బెజ్జం చూడు, ఏటవాలుగ ఉంటది. అట్ల వేస్తే పూస గుండె మీద వాలి కూసుంటదని ఆయన అట్లనే వేస్తడు. పేటల ఇంకెవ్వరు అట్ల వెయ్యరు. మా మరిదికి గూడ ఎరుకే. గాజు కాదని మీరొక్క మాట చెప్తే చేతిలకు తీసుకుంటడు. చేతిలకు తీసుకుంటే తనకే తెలుస్తది."

సూరిశెట్టి పూస అందుకుని కనురెప్పకు ఆనించాడు. చల్లగా ఉంది, చాలాసేపు చల్లగానే ఉంది. ఎండకెత్తాడు. బుడగ లేదు. లోపల సన్నటి మంచుపొర. తన తల వెంట్రుక పీకి తెల్లగుడ్డ మీద పరిచి, దాని మీద పూస తిప్పాడు. వెంట్రుక రెండైంది.

"స్ఫటికమే," అన్నాడు.

రాజవ్వ కళ్లు మూసుకుంది.

ఆ ముఖం చూసేసరికి సూరిశెట్టికి భయం పట్టుకుంది. ఇంత పెద్ద సంగతి తన ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఓడల్లో ఇప్పుడు కొత్త రకం గాజు వస్తోందని విన్నాడు, మంచి స్ఫటికంలా తూగుతుందట. ఒకసారి మోసపోయిన కళ్లే కదా ఇవి.

"ఇంకొక్క పరీక్ష చేస్తానమ్మా. నిప్పు పరీక్ష. గాజయితే అంచు మెత్తబడుతుంది."

"వద్దన్నా. మీరు చెప్పిండ్రు గద. నాకు చాలు."

"అనుమానం ఉండకూడదు," అంటూ అతను అప్పటికే కుంపటి విసురుతున్నాడు.

పూసను పటకారుతో పట్టి నిప్పుల మీద ఉంచాడు. రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. అంచు మెత్తబడలేదు. మసి పట్టింది గానీ రాయి రాయిలాగే ఉంది. సూరిశెట్టికి ప్రాణం లేచొచ్చింది. మెరుపు ఆమెకు చూపించాలన్న తొందరలో, పక్కనున్న తడిగుడ్డ తీసి మసి తుడిచాడు.

టిక్కుమని చిన్న చప్పుడు.

పూస రెండైంది. కింది సగం గుడ్డలో నిలిచింది. బెజ్జం ఉన్న పై సగం నలిగి ముక్కముక్కలై కుంపటి చుట్టూ రాలింది.

రాజవ్వ మోకాళ్ల మీద కూర్చుని ఆ ముక్కలు ఏరబోయింది. అవి ఇసుకలా వేళ్లకు అంటుకున్నాయే తప్ప చేతికి రాలేదు.

"అసలుదేనమ్మా," అన్నాడు సూరిశెట్టి.

"అసలుదే," అంది ఆమె. "ఇప్పుడు మా మరిదికి ఏం చూపియ్యాలన్నా?"

"నేనొచ్చి చెబుతాను."

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు. "మీరు మాకు ఏమైతరని మీ మాట నమ్ముతరు?"

ఆమె వెళ్లిపోయింది. మిగిలిన సగాన్ని కూడా తీసుకెళ్లలేదు.

మీరాన్ షా వచ్చాడు. సూరిశెట్టి ఏదీ దాచకుండా చెప్పాడు. తిడతాడని ఎదురుచూశాడు. ఆయన సగం పూసను వేళ్ల మధ్య పట్టుకుని వెలుగులోకి ఎత్తాడు. లోపలికి దిగిన పగులులో ఎరుపూ పచ్చా నీలమూ కలిసి మెరిశాయి.

సూరిశెట్టి ఆ రంగులు పట్టుకుని వేలాడాడు. "బాబా, చూశారా, పగిలాక ఎంత అందంగా ఉందో. ముందు ఈ రంగుల్లేవు."

"ఆ మాట ఆమెతో అనకు," అన్నాడు మీరాన్ షా.

పందిరి మూల గోనె కప్పి పడి ఉన్న సానను ఆయన బయటికి లాగాడు. సూరిశెట్టి వచ్చాక దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. సాన తిప్పే తాడు సూరిశెట్టి చేతికిచ్చి, లాగమని సైగ చేశాడు. పగిలిన అంచు కత్తిలా ఉంది. దాన్ని తడిపి, సానకు ఆనించి, తీసి, బొటనవేలితో తడిమి, మళ్లీ ఆనించి, ఆయన పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. వయసు మళ్లిన చేతులు. ఒకసారి పూస జారి వేలు తెగింది. నెత్తురు కడుక్కుని మళ్లీ కూర్చున్నాడు.

"దీన్ని ఇప్పుడు ఎవరికి చూపించినా లాభం లేదు కదా బాబా. ఎందుకింత కష్టం?" అన్నాడు సూరిశెట్టి ఉండబట్టలేక.

"ఆమె పట్టుకుంటుంది. గుచ్చుకోకూడదు."

మర్నాడు ఇద్దరూ రాజవ్వ ఇంటికి వెళ్లారు. కర్మ సంగతి మాట్లాడటానికి కులపెద్దలు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఓదెలు గడప దగ్గర నిలబడ్డాడు. బలమైన మనిషే గానీ నిద్రలేని కళ్లు.

"నాకు మా వదిన మీద పగ లేదు బాబా," అన్నాడు మీరాన్ షాతో. "రెండు వానకాలాలాయె. మా అన్న ఎక్కడ దిక్కు లేక తిరుగుతున్నడో. పిడికెడు మెతుకులు పెట్టి సాగనంపకపోతే నేను తమ్మున్నెట్లయిత?"

మీరాన్ షా సగం పూసను అతని చేతిలో పెట్టాడు. ఓదెలు కూడా పూసలు చెక్కేవాడే. పట్టుకోగానే అతని ముఖం మారింది.

"స్ఫటికమే ఇది. కానీ మా అన్నదని ఏం గురుతు? బెజ్జమేది?"

"ఉండె," అంది రాజవ్వ లోపలి నుంచి. "నేను చూసిన. ఏటవాలుగ ఉండె."

"నువ్వు చూస్తవు వదినా. నీకు కనబడాలనే ఉంది గద."

ఒక పెద్దమనిషి సూరిశెట్టి వైపు తిరిగాడు. "పరీక్ష చేసింది నువ్వే గద శెట్టీ. బెజ్జం ఎట్లుండె? సక్కగుండెనా, ఏటవాలుగుండెనా? నువ్వు చెప్పు. నీకేం పక్షం లేదు."

అందరూ అతని వైపే చూస్తున్నారు. సూరిశెట్టి ఆ పూసను మనసులో మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. కనురెప్ప మీది చలవ గుర్తుంది. మంచుపొర ఏ పక్కకు వంగి ఉందో గుర్తుంది. వెంట్రుక రెండైన చోటు గుర్తుంది. బెజ్జం ఎటు వాలి ఉందో గుర్తు లేదు. ఆమె వేలు పెట్టి చూపించింది కూడా. అతను బుడగల కోసం వెతుకుతూ ఉండిపోయాడు.

ఏటవాలుగా ఉందని ఒక్క మాట అనేస్తే చాలు, ఆమె బొట్టు నిలుస్తుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"నేను చూడలేదు," అన్నాడు.

అరుగు మీద ఎవరో నిట్టూర్చారు. లోపల రాజవ్వ చేతిగాజులు ఒక్కసారి గలగలమని ఆగిపోయాయి.

"మీరు చూసిండ్రా బాబా?" అడిగాడు ఓదెలు.

"నేనూ చూడలేదు." మీరాన్ షా తన భుజాన వేలాడే జోలె తీశాడు. అందులో ఆయన పూట తినే రెండు రొట్టెలున్నాయి. ఆ జోలెను సూరిశెట్టి భుజానికి తగిలించాడు. "ఆమె చూసింది."

ఇక ఆయన కూర్చోలేదు. కర్ర తీసుకుని వెళ్లిపోయాడు.

సూరిశెట్టి జోలె సర్దుకుని గడప దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, ఆ సత్రానికి నేను వెళతాను. పెంటయ్య ఎలా ఉంటాడో చెప్పు."

పెద్దలు కార్తీక అమావాస్య దాకా ఆగడానికి ఒప్పుకున్నారు. రాజవ్వ భర్త ఆనవాళ్లు చెప్పింది. సూరిశెట్టి ఒక్క ఎదురు ప్రశ్న కూడా వేయకుండా విన్నాడు. ఆమె సగం పూసను అతనికే ఇచ్చింది.

"ఆయన చేతిల పెట్టు. గుర్తుపడ్తడు."

దారి పొడుగునా బురద. నందిగామ దాటాక సత్రాలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ఉప్పు వర్తకుడు చెప్పింది అబద్ధమేమోనని అతని మనసు అడుగడుగునా గొణిగింది. గొణగనిచ్చి నడిచాడు.

చింతల తోపు వెనక ఒక పాత సత్రం. వసారాలో ఒక మనిషి కూర్చుని రాయి మీద రాయి రుద్దుతున్నాడు. ముఖమంతా స్ఫోటకం మచ్చలు. కళ్లు రెండూ తెల్లగా పూసిపోయి ఉన్నాయి.

"పెంటయ్యా?" అన్నాడు సూరిశెట్టి.

రాయి చప్పుడు ఆగింది.

"కార్వాన్ నుంచి వచ్చాను. రాజవ్వ పంపింది."

"పూస చేరిందా?" పెంటయ్య ముందుకు వంగాడు. "ఆ ఉప్పాయన ఇచ్చిండా? నా కండ్ల సంగతి చెప్పొద్దన్న. చెప్పలే గద?"

"చెప్పలేదు." సూరిశెట్టి సగం పూసను అతని చేతిలో పెట్టాడు.

పెంటయ్య వేళ్లు దాని మీద తిరిగాయి. చినుకు పొట్ట దగ్గర ఆగాయి, గుర్తుపట్టాయి. పైకి పోయి, నున్నగా అరగదీసిన అంచు దగ్గర తడబడ్డాయి. బెజ్జం కోసం అటూ ఇటూ వెతికాయి.

"నేనే పగలగొట్టాను," అన్నాడు సూరిశెట్టి. "అసలుదో కాదో చూద్దామని నిప్పుల మీద పెట్టాను. బెజ్జం ఉన్న ముక్క పొడైపోయింది."

పెంటయ్య ఆ సగాన్ని గుప్పిట్లో మూశాడు.

"కండ్లు పోయినంక వేసిన బెజ్జమన్నా అది. ఎన్ని పూసలు పగిలినయో. అదొక్కటే నిలిచింది. అది నిలిచిన నాడే, ఇంటికి కబురు పంపొచ్చు అనిపించింది." ఆగి, నెమ్మదిగా అడిగాడు. "పగలకముందు ఆమె చూసిందా?"

"చూసింది. నీ చెయ్యేనని గుర్తుపట్టింది."

"అయితే ఇంకేంది," అన్నాడు పెంటయ్య.

గోడ పట్టుకుని లేచాడు. తన మూటను తడుముకుని చంకన పెట్టుకున్నాడు. రెండో చెయ్యి గాలిలో చాపాడు. సూరిశెట్టి దగ్గరికి జరిగి నిలబడితే, ఆ చెయ్యి అతని భుజం మీద పడింది.

"నడువన్నా."

అలా బయల్దేరారు. సూరిశెట్టి ఎక్కడ అడుగేస్తే పెంటయ్య అక్కడే అడుగేసేవాడు. మొదటి రోజు ఒక వేరు తట్టుకుని పెంటయ్య బోర్లా పడ్డాడు. లేచి మళ్లీ అదే భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత సూరిశెట్టి నేల మీంచి కళ్లు ఎత్తలేదు. గుంటా, ముల్లూ, జారుడు రాయీ, అన్నీ ముందుగా చూసి చెబుతూ నడిచాడు. ఇంటి దగ్గరపడేకొద్దీ మాత్రం పెంటయ్య అడుగు నెమ్మదించింది.

"గుడ్డోన్ని చూసి ఆమె ఏమంటదో," అన్నాడొకసారి.

తమలపాకుల బండివాడొకడు వాళ్లను దాటిపోతూ, కార్వాన్‌లో చెబుతానని పేరూ ఊరూ అడిగి వెళ్లాడు.

ఊరింకా కోసెడు దూరం ఉందనగా ఒక వాగు అడ్డం వచ్చింది. వానలకు నీళ్లు మట్టిరంగుగా పారుతున్నాయి, అడుగు కనిపించడం లేదు. అవతలి ఒడ్డున మనుషులున్నారు. కర్ర పట్టుకుని మీరాన్ షా. పక్కన ఓదెలు. వాళ్లకు ముందు, నీళ్ల అంచున, రాజవ్వ. ఆమె భర్త ముఖం చూసింది, కళ్లు చూసింది. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది.

"నీళ్ల సప్పుడు వస్తున్నది," అన్నాడు పెంటయ్య. "అటు పక్క ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నారు. ఆమె నీళ్లలోకి దిగుతోంది."

భుజం మీది చెయ్యి బిగుసుకుంది. "ఎంత లోతున్నదన్నా?"

సూరిశెట్టి అతణ్ణి ఒడ్డునే నిలబెట్టి తను దిగాడు. పాదంతో అడుగు తడుముకుంటూ నడివాగు దాకా వెళ్లాడు. గుండ్రాళ్లున్న చోట జారి నీళ్లలోకి ఒరిగి, లేచి నిలదొక్కుకుని, వాటికి ఎడంగా గట్టి ఇసుక దొరికేదాకా వెతికాడు. తిరిగి వచ్చి, తడిసిన భుజాన్ని అతని చేతి కిందికి చేర్చాడు.

"మోకాలి లోతు," అన్నాడు.

ఆ మాట పూర్తికాకముందే పెంటయ్య నీళ్లలో అడుగు పెట్టాడు.

అవతలి ఒడ్డున మీరాన్ షా ఆ అడుగు చూశాడు. కర్ర భుజాన వేసుకుని, వాళ్లు దాటేదాకా ఆగకుండా, ఊరి వైపు నడిచాడు.